చనిపోయిన తేదీ: ఖాళీ

ఆ సోమవారం పొద్దున్న రంజువన్ వేసుకున్న పనుల పట్టీలో హత్య లేదు. పదకొండింటిలోగా పెద్ద భిక్షువు గారి చితి పుస్తకం ప్రూఫులు దిద్దాలి, పన్నెండింటికి రేవు పక్కన చేపల నూడుల్స్ తినాలి, తిరిగొచ్చేటప్పుడు దర్జీ దగ్గర జాకెట్టు తెచ్చుకోవాలి. అంతే. యాభై రెండేళ్ల మనిషికి అంతకు మించిన ఆశలు ఏముంటాయి.

బ్యాంకాక్‌లో, థోన్‌బురి ఒడ్డున ఉన్న హెంగ్ గారి ప్రెస్సు బతికేదే చనిపోయినవాళ్ల మీద. దహనానికి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపకూడదు కనుక, పోయినవారి జీవిత చరిత్ర, ఫొటోలు, నాలుగు ధర్మవాక్యాలు, ఇంటి వంటలు కలిపి ఒక పుస్తకం వేసి పంచుతారు. ఆ పుస్తకాల ప్రూఫులు చదవడం రంజువన్ పని. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లోని పెద్దమనుషుల్లో సగం మంది ఆమె చేతి మీదుగానే తప్పుల్లేకుండా పైకి వెళ్లారు.

ఖాళీ దొరికితే అపరాధ పరిశోధన నవలలు చదువుతుంది. నలభయ్యో పేజీ దాటకుండానే హంతకుణ్ణి పట్టేస్తుంది. అలా పట్టుబడినవాళ్లలో సగం మంది చివరికి నిర్దోషులని తేలేది. దాన్ని ఆమె రచయిత పొరపాటు కిందే జమ కట్టేది.

భిక్షువు గారి అట్ట మీద గుడి పేరు, తారీకు, వారం మూడుసార్లు సరిచూసి ఎర్ర టిక్కు పెట్టి, ఆ కట్ట పక్కకు జరిపింది. దాని కింద ఇంకో కవరు ఉంది. కవరు మీద యజమాని చేతిరాత: "అర్జెంటు. రంజువన్ చదవాలి. ప్రశ్నలు వద్దు."

లోపలి అట్ట మీది పేరు చదివి ఆమె కళ్లజోడు తుడుచుకుంది. మళ్లీ చదివింది. శ్రీమతి ప్రయోంగ్ గారి దహన సంస్కార సందర్భంగా, ఆదివారం, ఇరవై ఒకటో తారీకు. కింద నది అవతలి ఒడ్డున ఉన్న గుడి పేరు.

ప్రయోంగ్ ఆమెకు పెద్దమ్మ. ఎనభై ఒక్క ఏళ్లు. రెండు పడవ రేవులకూ, బజారులో పద్నాలుగు దుకాణాల వరసకూ యజమానురాలు. మొన్న శనివారమే రంజువన్‌కి దగ్గర కూర్చుని అన్నం పెట్టింది, చేపలో ముళ్లు ఏరి ఇచ్చింది, "లావయ్యావే" అని కూడా అంది. అంటే నిక్షేపంగా ఉందన్నమాట. మొన్న నిక్షేపంగా ఉన్న మనిషికి ఈ ఆదివారం దహనం ఏమిటి?

లోపలి పేజీ తిప్పింది. పుట్టిన తేదీ ఉంది. చనిపోయిన తేదీ దగ్గర చుక్కలు ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల అలవాటు ఊరుకోదు కదా, మెదడు కంటే ముందు ఎర్ర పెన్ను కదిలి పక్కన రాసేసింది: "చనిపోయిన తేదీ ఖాళీగా ఉంది. వెంటనే పూర్తి చేయాలి." రాశాక తను ఏం రాసిందో చదువుకుని పెన్నుకు మూత పెట్టేసింది.

అప్పుడు రంజువన్ ఆలోచించడం మొదలుపెట్టింది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

దహనం ఆదివారం. శుక్రవారం ఎవరూ దహనం పెట్టరు, ఈ తారీకు పెట్టినవాడు శుక్రవారం తప్పించాడు, కాబట్టి ఆచారం తెలిసినవాడే. దహనానికి ముందు కనీసం మూడు సాయంత్రాలు భిక్షువుల పారాయణం జరగాలి. ఆ లెక్కన పెద్దమ్మ గురువారంలోగా పోవాలి. కానీ అది మామూలువాళ్లకు. రెండు రేవుల ఆసామికి ఏడు సాయంత్రాలకు తక్కువ చేస్తే ఊరు నవ్వుతుంది. ఆ లెక్కన అయితే పెద్దమ్మ నిన్ననే పోయి ఉండాలి.

ఆర్డరు చీటీ మీద సంతకం థనిత్‌ది. పెద్దమ్మ మరిది కొడుకు. ఆమె ఇంట్లోనే ఉంటూ కారు నడుపుతాడు, నలభై దాటినా తనకంటూ ఒక పని లేదు. పెద్దమ్మకు పిల్లలు లేరు. నవలల్లో ఇలాంటివాడు మూడో పేజీలో కనిపిస్తాడు.

యజమానికి ఫోను చేసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు, కాగితం ధర గురించి రెండు మాటలు మాట్లాడాడు, చదివి పెట్టు తల్లీ నన్నేమీ అడక్కు అని పెట్టేశాడు. దొంగకు తేలు కుట్టినట్టున్న ఆ గొంతేమిటో ఆమెకు అర్థమైపోయింది. ఇందులో ఈయన కూడా ఉన్నాడు.

అయినా చేతిలో పని వదలదు కదా, తప్పులు దిద్దుకుంటూనే పుస్తకం చివరిదాకా వెళ్లింది. చివర పన్నెండు వంటలున్నాయి. వాటిలో చింతచిగురు చేపల పులుసు కూడా ఉంది. ఆ పులుసులో ఏమేం పడతాయో పెద్దమ్మ తోడబుట్టిన చెల్లెలికి కూడా చెప్పలేదు. లోకంలో ఒక్క మనిషికి మాత్రమే తెలిసిన వంట పుస్తకంలోకి వచ్చిందంటే దాన్ని రాసింది ఎవరై ఉండాలి? ఏ చంటిపిల్లనడిగినా చెబుతుంది. రంజువన్ మాత్రం థనిత్ ఆవిడ వంటల నోటుబుక్కు దొంగిలించాడని తేల్చింది.

పెద్దమ్మ ఇంటికి ఫోను చేసింది. వంటమనిషి లమియద్ ఎత్తింది.

"అమ్మగారు పడుకున్నారు," అంది.

"ఇప్పుడా? తొమ్మిదిన్నర అయింది లమియద్."

"పడుకున్నారనే చెప్పమన్నారు," అని, ఏదో మాడుతోందంటూ ఫోను పెట్టేసింది.

నాలుగున్నరకల్లా లేచి గుమ్మంలో భిక్షువుల పాత్రల్లో అన్నం పెట్టే మనిషి ప్రయోంగ్. జ్వరం వచ్చినా మానలేదు, వరద వచ్చినప్పుడు పడవలో కూర్చుని పెట్టింది. అలాంటి మనిషి తొమ్మిదిన్నరకు పడుకుని ఉంది. రంజువన్ ప్రూఫులన్నీ సంచీలో కుక్కుకుని రేవుకు పరుగెత్తింది.

పడవ నది దాటే ఆ పది నిమిషాలూ ఆమె కాళ్లు నిలవలేదు. తల్లి పోయి తొమ్మిదేళ్లు. పెళ్లి కుదిరి తప్పిపోయి పాతికేళ్లు. చేపలో ముళ్లు ఏరి పెట్టేవాళ్లు ఈ లోకంలో ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరి పేరు సంచీలో అచ్చయి ఉంది.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. రంజువన్‌కి ఆ ప్రశాంతత ఏమాత్రం నచ్చలేదు. మేడ మీద పెద్దమ్మ గదికి తాళం వేసి ఉంది. తలుపు కొట్టింది, పిలిచింది. బదులు లేదు. తాళంచెవి ఎక్కడ అని అడిగితే, థనిత్ బాబు దగ్గర ఉందని లమియద్ చెప్పింది. ఆయనేడి అంటే, పొద్దున్నే కారు తీసుకుని వెళ్లారంది. ఎక్కడికి అంటే, వంటింట్లో పొయ్యి మీద ఏదో ఉందని వెళ్లిపోయింది. లమియద్‌కి అబద్ధం ఆడటం రాదు. ఆడవలసి వచ్చినప్పుడల్లా ఆమెకు పొయ్యి గుర్తొస్తుంది.

కిటికీ చెక్కల సందులోంచి రంజువన్ లోపలికి చూసింది. ఫ్యాను తిరగడం లేదు. దోమతెర దించి ఉంది. తెర లోపల, దుప్పటి కింద, పొడుగ్గా ఒక ఆకారం. చాలాసేపు చూసింది. అది కదల్లేదు.

మెట్ల మీద కూలబడింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. ఏడిస్తే లమియద్ చూస్తుంది, చూస్తే థనిత్‌కి చెబుతుంది, వాడు పారిపోతాడు. అందుకని ఏడుపు మింగి, ముందు సాక్ష్యాలు సేకరించాలనుకుంది.

వసారాలో బల్ల మీద పెద్దమ్మ మాత్రల డబ్బా ఉంది. పోయిన వారం తెల్లగా ఉండే మాత్రలు ఇప్పుడు పసుపుగా ఉన్నాయి. డబ్బా సంచీలో వేసింది. తర్వాత పెద్దమ్మ ఆ పొద్దున ఏం తాగిందో చూడాలని వెతికింది. ఇంట్లో కప్పులన్నీ కడిగేసి ఉన్నాయి. పెరట్లో స్థలదేవత గూడు ముందు మాత్రం గ్లాసులో ఎర్ర సోడా ఉంది, గొట్టంతో సహా. రోజూ దేవతకు పెట్టాక పెద్దమ్మ అదే సీసాలోంచి ఒక గుక్క తాగుతుంది. రంజువన్ దేవతకు దణ్ణం పెట్టి, క్షమించమని అడిగి, సోడాను జాడీలోకి వంపుకుని మూత బిగించింది.

ఇదంతా లమియద్ కిటికీలోంచి చూసింది. యజమానురాలి మాత్రలు తీసుకుంటే పోనీలే అనుకుంది. ఇంటిని కాపాడే దేవత నోటి దగ్గరి సోడా ఎత్తుకుపోతే ఆ ఇల్లు నిలుస్తుందా? ముందు థనిత్‌కి ఫోను చేసింది, తర్వాత వీధి చివరి ఠాణాకు చేసింది.

అదే సమయంలో రంజువన్ గుడి ఆఫీసుకు చేస్తోంది. ఇరవై ఒకటో తారీకు దహనం ఎవరైనా మాట్లాడుకున్నారా అని అడిగింది. గుడి గుమాస్తా పుస్తకం తిరగేసి, ఆ రోజు ఖాళీయే అన్నాడు.

"ఎవరి కోసమమ్మా?"

"ప్రయోంగ్ గారి కోసం. రేవు ప్రయోంగ్ గారు."

ఆ గుడి గంటల గోపురం ప్రయోంగ్ కట్టించిందే.

"అయ్యో. ఎప్పుడు పోయారు తల్లీ?"

"అది ఇంకా తేలలేదండీ," అంది రంజువన్, నిజాయితీగా.

పాపం, దుఃఖంలో మతి చెదిరింది అనుకున్నాడు గుమాస్తా. పలక మీద పేరు రాశాడు, ఇరవై ఒకటి అని వేశాడు. గుడి పక్కన పూలచక్రాల కొట్టు ఆయన మరదలిది. ఆ తర్వాత చెప్పేదేముంది, గోరంత మాట బజారు దాటేసరికి కొండంత అయింది. పన్నెండు కొట్టకుండానే పడవలవాళ్ల సంఘం పూలచక్రం గేటు ముందు దిగింది. దాని వెనకే బజారు దుకాణదారులది. ఆ వెనక ఇంకో రెండు. నల్ల బట్టలేసుకున్న పక్కింటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెప్పులు విడిచి వసారాలో కూర్చున్నారు. కాఫీ ఇస్తారేమోనని వంటింటి వైపు చూస్తూ, ఎంత మంచి మనిషి అని నెమ్మదిగా మొదలుపెట్టారు.

ఎవరు పిలిచారని రంజువన్ ఎవర్నీ అడగలేకపోయింది. ఇంతమందికి తెలిసిందంటే తన భయం నిజమేనని ఆమెకు ఖాయమైపోయింది. ఆ వార్త పుట్టింది తన నోటి నుంచేనని ఆమెకు తట్టనే లేదు.

అంతలో థనిత్ వచ్చాడు. గేటు ముందు పూలచక్రాలు చూసి కారు రోడ్డు మధ్యనే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"తప్పంతా నాదే అక్కా," అన్నాడు. "ఒంటరిగా వదిలి రాకుండా ఉండాల్సింది."

రంజువన్ అడగవలసింది అడిగింది.

"ఎక్కడ వదిలావు?"

"చెప్పకూడదు. మాటిచ్చాను."

"ఎవరికిచ్చావు?"

"పెద్దమ్మకే."

"చనిపోయినావిడకు ఇచ్చిన మాట ఏమిటిరా?"

"ఇచ్చినప్పుడు బతికే ఉంది కదక్కా," అని థనిత్ మెట్ల మీద కూర్చుని, నలభై దాటినవాడు, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు.

హంతకుడు ఒప్పుకున్నప్పుడు నవలల్లో ఉరుము ఉరుముతుంది. ఇక్కడ సార్జంటు బున్‌తామ్ లోపలికి వచ్చాడు. సోడా దొంగతనం విచారణకు వచ్చిన మనిషి పూలచక్రాలు చూసి టోపీ తీశాడు, రెండు నిమిషాలు మౌనం పాటించాడు, తర్వాత నోటుబుక్కు తెరిచాడు. రంజువన్ థనిత్ వైపు చెయ్యి చూపించింది. సరిగ్గా అప్పుడే లమియద్ రంజువన్ వైపు చూపించింది. సార్జంటు ముందుగా ఫిర్యాదు ఇచ్చినవాళ్ల మాటే పట్టించుకున్నాడు. సంచీ తెరవమన్నాడు.

బల్ల మీద వరసగా పెట్టాడు. చనిపోయినావిడ పేరున్న మాత్రల డబ్బా ఒకటి. జాడీలో ఎర్రటి ద్రవం ఒకటి. దహనం తారీకుతో సహా అచ్చయిన పుస్తకం ఒకటి. పుస్తకం తెరిచి, ఎర్ర సిరాతో రాసింది పైకి చదివాడు.

"చనిపోయిన తేదీ ఖాళీగా ఉంది. వెంటనే పూర్తి చేయాలి."

పక్కింటావిడ ఒకరు రంజువన్ పక్కనుంచి లేచి అవతలికి జరిగి కూర్చుంది.

"ఈ చేతిరాత ఎవరిది?" అన్నాడు సార్జంటు.

"నాదే."

"వెంటనే అని ఎందుకు రాశారు?"

"ఖాళీ ఉంటే అలాగే రాస్తామండీ. ఎవరికైనా అలాగే రాస్తాం."

"ఇప్పటిదాకా ఎంతమందికి రాశారు?"

రంజువన్ అబద్ధమాడదు. ఇరవై ఆరేళ్లకు లెక్క వేసుకుని, "రెండు వేల దాకా ఉంటారు," అంది. సార్జంటు పెన్సిల్ ఆగిపోయింది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, హంతకుణ్ణి పట్టడానికి వచ్చిన మనిషి తనే బోనులో నిలబడింది. ఠాణాకు తీసుకుపోతారన్న భయం ఆమెకు అంతగా లేదు. పెద్దమ్మను ఒక్కసారి చూడనివ్వకుండా తీసుకుపోతారేమోనన్నదే ఆమె భయం. తాళం తీయమని, ముందు దోమతెర ఎత్తి చూపించమని థనిత్ చెయ్యి పట్టుకుని బతిమాలింది. థనిత్ ఏడుపు ఆపి ఆమెను విచిత్రంగా చూశాడు.

"ఆ గదిలో ఎవరున్నారక్కా? అది పెద్దమ్మ కౌగిలి దిండు."

గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. దిగినావిడ ఊదారంగు పట్టు కట్టుకుంది. జుట్టు అప్పుడే సెలూన్లో చేయించుకున్నట్టు గాలికి చెదరకుండా నిలబడి ఉంది. పెదాలకు రంగు కూడా ఉంది. పూలచక్రాల ముందు ఆగి, ఒక్కొక్క రిబ్బనూ చదువుకుంటూ వచ్చింది. నల్ల బట్టలవాళ్లలో ఇద్దరు చేతులు జోడించి దెయ్యాన్ని శాంతించమన్నారు. లమియద్ బల్ల మీది జాడీ లాక్కుని దేవత గూటి దగ్గరకు పరుగెత్తింది. సార్జంటు టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"బజారువాళ్లది మరీ చిన్నది," అంది ప్రయోంగ్. "థనిత్, ఫొటో స్టూడియోలో పన్నెండింటి దాకా నీ కోసం కూర్చున్నాను. రాలేదేం?"

రంజువన్ వెళ్లి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుంది. అవి వెచ్చగా ఉన్నాయి. మింగిన ఏడుపంతా అప్పుడు బయటికి వచ్చింది. జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు. పెద్దమ్మ కాసేపు ఏడవనిచ్చి, తర్వాత పట్టు తడుస్తుందని చెప్పి కొంచెం వెనక్కి జరిగింది.

విషయం తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. తన చితి పుస్తకం తన కళ్లతో చూసుకుని పోవాలని ప్రయోంగ్‌కి కోరిక. పోయాక ఎవరో ఏదో రాసి, పులుసులో చింతచిగురుకు బదులు నిమ్మకాయ వేస్తే అడగడానికి తను ఉండదు కదా. అందుకని తనే రాసుకుంది. థనిత్‌తో ప్రెస్సుకు పంపింది. ఇవాళ ముందు పేజీకి ఫొటో తీయించుకోవడానికి వెళ్లింది. మాత్రల కంపెనీని డాక్టరే మార్చాడు. యజమాని హెంగ్ ఫోన్లో నీళ్లు నములుతూ ఒప్పుకున్నాడు: కొత్త పుస్తకాన్ని అంతకు ముందు పుస్తకం అచ్చు మీదే కూర్చారు, పేరు మార్చారు, గుడి మార్చారు, తారీకు మార్చడం మరిచారు. ఆదివారం ఇరవై ఒకటి పెద్ద భిక్షువు గారి దహనం.

ఆ తారీకు ఆ పొద్దునే మూడుసార్లు సరిచూసి ఎర్ర టిక్కు పెట్టింది తనే.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అంది చివరికి. "నేనుండగా నాకు తెలియకుండా ఎందుకు?"

ప్రయోంగ్ కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచింది.

"మీ అమ్మ పుస్తకం నువ్వే చదివావు. గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి. నాలుగో పేజీలో తల్లి పుట్టిన సంవత్సరంలో రెండంకెలు తారుమారై, ఆవిడ నూట నలభై ఒక్క ఏళ్లు బతికిందని అయిదు వందల ప్రతుల్లో అచ్చయింది. వచ్చినవాళ్లు మర్యాదకు ఏమీ అనలేదు, నిండు జీవితం అన్నారు. ఆ మాట తొమ్మిదేళ్లుగా రంజువన్ గుండెలో ముల్లులా ఉంది.

"ఆ పేజీ ప్రూఫు తడిసి ఉంది. నేను చూశాను," అంది ప్రయోంగ్. "కన్నీళ్లతో చదివితే తప్పులు కనబడవే. నేను పోయాక నా పుస్తకం నువ్వు చదవలేవు. బతికుండగా చదివేస్తే ఒక పనైపోతుందనుకున్నాను. నేనే రాసుకున్నానని తెలిస్తే ఇప్పుడే ఏడుస్తావని, ఎవరికీ చెప్పొద్దన్నాను. ఎన్ని తప్పులు పట్టావు?"

"ముప్పై ఒకటి," అంది రంజువన్ ముక్కు తుడుచుకుంటూ.

"తారీకుతో కలిపా?"

రంజువన్ తల వంచుకుంది.

"ముప్పై రెండు," అని లెక్క సరిచేసింది ప్రయోంగ్. "నా మధ్యాహ్నం మాత్ర ఇలా ఇవ్వండి."

రసీదు లేకుండా సాక్ష్యం ఇవ్వడం కుదరదన్నాడు సార్జంటు. ప్రయోంగ్ ఆయన్ని అలా చూస్తూ కూర్చుంది. ఇచ్చేశాడు. వచ్చినవాళ్లు నల్ల బట్టలతోనే చేపల పులుసు తిని వెళ్లారు. పూలచక్రాలకు రిబ్బన్లు విప్పించి భిక్షువు గారి గుడికి పంపించారు. లమియద్ కొత్త సీసా తెరిచి దేవతకు రెండు గ్లాసులు పెట్టింది. రంజువన్‌కి ముళ్లు ఏరిన చేపముక్క వచ్చింది, ఇంకా లావవుతావన్న హెచ్చరికతో సహా.

మర్నాడు పొద్దున్నే ప్రూఫులు ప్రెస్సుకు తిరిగొచ్చాయి. అట్ట మీది తారీకు కొట్టేసి ఉంది. రంజువన్ ముప్పై ఒక్క దిద్దుబాట్లలో ముప్పైకి పక్కన పెన్సిలుతో సరే అని రాసి ఉంది. ఒక్కదానికి మాత్రం రచయిత్రి ఒప్పుకోలేదు. "చనిపోయిన తేదీ ఖాళీగా ఉంది. వెంటనే పూర్తి చేయాలి" అన్నదాని కింద, గుండ్రటి అక్షరాలతో, "తొందరేమీ లేదు" అని ఉంది.